రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్‌ని. ఉన్న ఒక్క ఇంటిని కొడుక్కి, కూతురికి ఎలా పంచాలి?

నిజాంపేట_218 అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాకు 66 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి 2017లో రిటైర్ అయ్యాను. ఎక్కువ కాలం 218 నంబరు బస్సు మీదే ఉన్నాను, పటాన్‌చెరు నుంచి కోఠి. విషయం కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

1994లో హైదరాబాద్ శివార్లలోని నిజాంపేటలో 167 గజాల ప్లాటు కొన్నాను. గజం 450 రూపాయలు. అప్పుడు అది గ్రామ పంచాయతీ. చుట్టూ పొలాలు, రాత్రి డ్యూటీ దిగి వస్తే క్రాస్‌రోడ్డు నుంచి లోపలికి లైటు ఉండేది కాదు. సీసీఎస్‌లో, అంటే మా ఆర్టీసీ ఉద్యోగుల పరపతి సంఘంలో లోన్ పెట్టాను, మా ఆవిడ గాజులు అమ్మాం, మిగిలింది మా బావమరిది దగ్గర తెచ్చాను. 1999లో కింద రెండు గదులు, వంటిల్లు వేసుకున్నాం. 2016లో పై పోర్షన్ కట్టాం. దానికి మా అబ్బాయి తన పేరు మీద పర్సనల్ లోన్ తీసి 9 లక్షలు ఇచ్చాడు. ఇప్పుడు ఆ పోర్షన్‌కు 13 వేల అద్దె వస్తోంది.

నా పింఛను ఈపీఎస్-95, అంటే పీఎఫ్ ఆఫీసు ఇచ్చే పింఛను పథకం కింద నాలుగు వేల చిల్లర. ఆర్టీసీలో చేసినవాళ్లకు గవర్నమెంటు పింఛను ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. కాబట్టి మా ఇద్దరి ఇల్లు గడిచేది ఆ అద్దె మీద.

ఇప్పుడు మా వీధిలో గజం 80 వేలు అంటున్నారు. అంటే కాగితం మీద నాకు కోటీ 33 లక్షల ఆస్తి ఉంది. ఈ లెక్క బయటికి వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో మాటలు మారాయి.

అబ్బాయికి 36. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో అకౌంట్స్ పని. కోడలు కూడా అటే. మణికొండలో 26 వేల అద్దెకు ఉంటున్నారు. వాడి ఆలోచన ఏమిటంటే, ఈ ఇల్లు అమ్మేద్దాం, వచ్చిన డబ్బుకు తను కొంత లోన్ కలిపి తెల్లాపూర్‌లో కోటీ 60 లక్షల ఫ్లాట్ తీసుకుందాం, అందరం ఒకే చోట ఉందాం. లోన్ వాడి జీతం మీద రావాలి కాబట్టి ఫ్లాట్ కూడా వాడి పేరు మీదే ఉండాలంటాడు. మనసులో చెడు పెట్టుకుని అడిగేవాడు కాదు. అమ్మను, నన్ను చూసుకోడని నేను ఎప్పుడూ అనుకోలేదు.

అమ్మాయి కరీంనగర్‌లో ఉంటుంది. అల్లుడు ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. వాళ్లదీ అద్దె ఇల్లే. 2012లో పెళ్లి చేశాం. పది తులాల బంగారం పెట్టాం, మిగతా ఖర్చులు కలిపి అప్పట్లో మా స్తోమతకు మించే చేశాం. ఇప్పుడు మా తమ్ముళ్లు, బంధువులు అందరూ ఒకటే మాట: "ఆడపిల్లకు పెళ్లప్పుడే అయిపోయింది కదా, ఇంకా వాటా ఏమిటి?" అమ్మాయి మాత్రం ఇంతవరకు ఒక్క మాట అడగలేదు.

మధ్యలో ఒక బిల్డర్ వస్తున్నాడు. మా ప్లాటు, పక్క ప్లాటు కలిపి డెవలప్‌మెంట్‌కు ఇస్తే సగం సగం అంటున్నాడు. పక్కాయన ఒప్పుకున్నాడట.

ఇక నా మనసులో ఉన్నది చెబుతాను. అందరూ దీన్ని "నీ కష్టార్జితం" అంటున్నారు. నేను పెట్టిన కష్టం గజానికి 450 రూపాయలు, పైన కట్టిన గోడలు. 450 అనేది 80 వేలు కావడానికి నేను చేసిందేమీ లేదు. 1998లో సైబర్ టవర్స్ వచ్చింది, తర్వాత ఆ కంపెనీలన్నీ వచ్చాయి, 2017లో మియాపూర్ నుంచి మెట్రో మొదలైంది. ఊరు పెరిగింది, ఆ పెరుగుదల వచ్చి నా గోడ పక్కన ఆగింది.

నాతో పాటు ఒకే బ్యాచ్‌లో చేరిన స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. ఒకే డిపో, ఒకే జీతం. నాకంటే మంచి డ్రైవర్ అని అందరం ఒప్పుకునేవాళ్లం. యాక్సిడెంట్ రికార్డు లేదు. ప్లాటు కొందామని ఇద్దరం కలిసే వెళ్లాం, పక్క పక్కన చూసుకున్నాం. ఆ నెలలోనే వాళ్ల చెల్లెలి సంబంధం కుదిరింది. సీసీఎస్ లోన్ డబ్బు ఆయన పెళ్లికి పెట్టాడు, నేను ప్లాటుకు పెట్టాను. అన్నగా చేయాల్సిన పనే చేశాడు. ఇవాళ బాలానగర్‌లో ఒక గదిలో అద్దెకు ఉంటున్నాడు, ఆ అద్దె కొడుకు కడతాడు. దసరాకి ఇంటికి వచ్చినప్పుడు "నువ్వు ముందుచూపు ఉన్నోడివి" అన్నాడు. ఆ మాటకు తల ఊపడానికి నాకు మనసు రాలేదు.

ఇంకొకటి. నేను ఖాకీ చొక్కా వేసుకున్నన్నాళ్లు మా పెద్ద బంధువుల ఇళ్లలో ఫంక్షన్లకు వెళితే "డ్రైవర్ వచ్చాడు" అనేవాళ్లు, పేరు కూడా ఉండేది కాదు. మా వాడి పెళ్లి సంబంధాలప్పుడు కూడా ఇద్దరు ముగ్గురు "డ్రైవర్ కొడుకా" అని వెనక్కి వెళ్లారు. ఇప్పుడు అదే మనుషులు "నిజాంపేటలో సొంతిల్లు ఉన్న అన్నగారు" అని పరిచయం చేస్తున్నారు. మనిషిని నేనే. ముప్పై ఏళ్లకు పైగా వేలమందిని భద్రంగా ఇళ్లకు చేర్చిన పనికి రాని మర్యాద 167 గజాలకు వచ్చింది. ఇది నన్ను బాధపెడుతుంది.

అందుకే నాకు అనిపిస్తోంది, నా చేతికి ఊరికే వచ్చిన ఈ విలువను కొడుకు అని ఒకరికి ఎక్కువ, కూతురు అని ఒకరికి తక్కువ చేసే హక్కు నాకు లేదని. కానీ అబ్బాయి 9 లక్షల సంగతేమిటి? మా ఆవిడ "మనం ఉన్నంత వరకు ఎవరికీ ఏమీ రాయొద్దు" అంటోంది. అబ్బాయేమో "మీరు ఆలోచించేలోపు తెల్లాపూర్ కూడా మన చేయి దాటిపోతుంది" అంటున్నాడు. రెండూ నిజమే అనిపిస్తున్నాయి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

చట్టం తెలిసినవాళ్లు, ఇలాంటిది ఇంట్లో చూసినవాళ్లు చెప్పండి.

---

కరీంనగర్_సిస్టర్:

బాబాయ్ గారూ, నమస్తే. నేను ఇక్కడ కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుని. మీ అమ్మాయి అడగలేదన్నారు కదా, ఆ ఒక్క మాట చదివి రాస్తున్నాను.

నేనూ అడగలేదు. మా బాపు ఊళ్లో రెండెకరాలు, ఇల్లు అన్నయ్య పేరు మీద రాశారు. రాసే రోజు నన్ను రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పిలిచారు, తర్వాత గొడవ రాకుండా నా సంతకం కూడా ఉండాలని. నేను వెళ్లి పెట్టాను. మధ్యాహ్నం అందరం కలిసి హోటల్లో భోజనం చేశాం. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు, ఎవరూ అడగనూ లేదు.

అడగకపోవడానికి కారణం చెబుతాను. అడిగితే పుట్టింటికి వెళ్లే దారి మూసుకుపోతుందని భయం. బతుకమ్మకు పోతే వదిన ముఖం ఎలా ఉంటుందో, నాకు ఒంట్లో బాగాలేకపోతే అన్నయ్య వస్తాడో రాడో. అమ్మానాన్న పోయాక మాకు మిగిలేది ఆ ఒక్క గుమ్మం. దాని ముందు వాటా ఎంత ఉన్నా చిన్నదే అనిపిస్తుంది, అందుకే నోరు తెరవం. మా మౌనాన్ని చూసి ఇంట్లోవాళ్లు "దానికి ఆశ లేదు, బంగారం లాంటి పిల్ల" అంటారు.

తర్వాత మేం ఇక్కడ చిన్న ఇల్లు కొనుక్కుందామని బ్యాంకుకు వెళ్లాం. లోన్ వస్తుంది కానీ ఐదో వంతు మా చేతిది పెట్టాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే. ఆ డబ్బు కోసం చిట్టీ పాడి, నా గొలుసు పెట్టి, మా ఆయన వాళ్ల అక్క దగ్గర అప్పు తెచ్చాం. ఆ రోజు రాత్రి మొదటిసారి నాకు ఆ సంతకం గుర్తొచ్చి ఏడుపొచ్చింది. బాపు మీద కోపం లేదు. కానీ "బిడ్డా, నీకెలా ఉంది, నీకేమన్నా కావాలా" అని ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది.

పెళ్లప్పుడు పెట్టిన పది తులాల లెక్క కూడా చెప్పాలి. మా లాంటి ఇళ్లలో ఆ బంగారం ఎక్కడ ఉంటుందో మీకు తెలుసు. పిల్లల ఫీజులకు, అత్తమ్మ ఆపరేషన్‌కు బ్యాంకులో ఉంటుంది. అది ఇంటి వాటాకు బదులు కాదు.

మీరొకసారి బస్సెక్కి కరీంనగర్ రండి. అల్లుడు స్కూల్లో ఉన్న టైములో రండి. అమ్మాయిని ఒక్కదాన్నే అడగండి. ఫోన్లో అడిగితే "నాకేం వద్దు నాన్నా" అనే అంటుంది.

---

కూకట్‌పల్లి_లేఖరి:

అన్నగారూ, నేను దస్తావేజులు రాసే పనిలో ఉన్నాను. ఇలాంటి కేసులు మా టేబుల్ ముందుకు రోజూ వస్తాయి. నాకు తెలిసింది చెబుతాను, చివరికి ఒక లాయరుకు కాగితాలు చూపించే చేయండి.

ముందు హక్కు ఎవరిదనేది. మీ డబ్బుతో మీ పేరు మీద కొన్నది స్వార్జితం. మీరు ఉండగా దాని మీద కొడుక్కూ పుట్టుకతో హక్కు లేదు, కూతురికీ లేదు. "వారసుణ్ని నేను" అనే మాట మీ విషయంలో చెల్లదు. మీకు ఇష్టం వచ్చినట్టు రాయొచ్చు. ఏమీ రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ భార్య, కొడుకు, కూతురు ముగ్గురికీ సమానంగా పోతుంది. (మీ తల్లిగారు ఉంటే ఆమెకూ ఒక భాగం.) పెళ్లికి ఎంత ఖర్చు పెట్టారనేది అక్కడ లెక్కలోకి రాదు.

చాలామంది ఇక్కడ పొరబడుతుంటారు. ఆడపిల్లలకు సమాన హక్కు అని మన దగ్గర 1986లో తెచ్చిన చట్టం, దేశమంతటికీ 2005లో వచ్చిన సవరణ, ఇవి ఉమ్మడి కుటుంబ ఆస్తి గురించి. 1986 చట్టం అప్పటికే పెళ్లైనవాళ్లకు వర్తించలేదు కూడా. మీది ఉమ్మడి ఆస్తి కాదు కాబట్టి ఆ గొడవ మీకు లేదు.

రెండోది, రాసే కాగితం ఏది అన్నది. దఖలు దస్తావేజు, అంటే సెటిల్‌మెంట్ రాస్తే ఆ రోజే ఆస్తి వాళ్లది అయిపోతుంది, మీరు మనసు మార్చుకుంటే వెనక్కి రావడం చాలా కష్టం. వీలునామా మీ తర్వాతే పనిచేస్తుంది, బతికి ఉన్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు కావాలి. రిజిస్టర్ చేయాలనే రూలు లేదు కానీ చేయించండి, రేపు ఎవరూ "ఇది మా నాన్న సంతకం కాదు" అనకుండా ఉంటుంది. లబ్ధి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి.

మీ ఆవిడ మాటలో అనుభవం ఉంది. మేం చూసిన ఏడుపుల్లో సగం, ముందే రాసిచ్చినవాళ్లవి. 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం ఉంది, పిల్లలు చూడకపోతే ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్‌కు వెళ్లి రాసిచ్చింది రద్దు చేయించుకోవచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక తల్లి కేసులో రాసిచ్చిన ఆస్తిని ఆమెకు తిరిగి ఇప్పించింది. కానీ చూసుకోవాలనే షరతు కాగితంలో ఉంటే ఆ దారి సులువు, లేకపోతే వాదనలు పడతాయి. మీ అబ్బాయి అలాంటివాడని నేను అనడం లేదు. మంచి పిల్లలు ఉన్న ఇంట్లో కూడా షరతు రాసుకోవడం తప్పు కాదు.

తెల్లాపూర్ ఆలోచనలో ఒక చిక్కు ఉంది. ఇల్లు అమ్మితే లాభం మీద పన్ను పడుతుంది. ఆ డబ్బుతో గడువులోపు ఇంకో ఇల్లు కొంటే మినహాయింపు ఉంది, అయితే కొత్త ఇల్లు అమ్మినవాళ్ల పేరు మీదే ఉండటం క్షేమం. మీరు అమ్మి అబ్బాయి పేరు మీద కొంటే పన్ను ఆఫీసు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు పన్నూ మీరే కట్టాలి, ఇల్లూ మీ పేరు మీద ఉండదు. జాయింట్‌గా కొనే వీలుందేమో బ్యాంకులో, ఆడిటరు దగ్గర అడగండి.

బిల్డర్ గురించి ఒక్క మాట. రెండు ప్లాట్లు కలిపినా 334 గజాలు, 280 చదరపు మీటర్లు దాటదు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో కట్టే వాటికి రెరా (బిల్డర్ల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ మామూలుగా తప్పనిసరి కాదు. అంటే కట్టడం మధ్యలో ఆగితే మీకు రెరా అండ ఉండకపోవచ్చు. కట్టినన్నాళ్లు మీ 13 వేల అద్దె పోతుంది, మీరే బయట అద్దె కట్టాలి. ఈ వయసులో నేనైతే వద్దంటాను.

---

మణికొండ_టెనెంట్:

అంకుల్, నేను మీ అబ్బాయి వయసువాణ్ని, వాడిలాగే మణికొండలో అద్దెకు ఉంటున్నాను. వాడి వైపు నుంచి కూడా ఒకరు చెప్పాలి కదా.

లెక్క చూడండి. ఈ వైపు మామూలు డబుల్ బెడ్‌రూమ్ 78 లక్షలు అనుకుందాం. బ్యాంకు 80 శాతం ఇస్తుంది, అంటే 62 లక్షలు. 16 లక్షలు మనం పెట్టాలి. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్‌కు జీఎస్టీ 5 శాతం, అది దాదాపు 4 లక్షలు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర శాతం, అది దాదాపు 6 లక్షలు. ఇంట్లో ఫ్యాన్ బిగించకముందే పాతిక లక్షలు చేతిలో ఉండాలి. నెలకు 15 వేలు దాచేవాడికి పాతిక లక్షలు కావాలంటే 14 ఏళ్లు. ఆ 14 ఏళ్లు రేటు ఆగుతుందా? ఆ తర్వాత ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ అంటే నెలకు దాదాపు 54 వేల ఈఎంఐ.

మీరు 1994లో గాజులు అమ్మి, సీసీఎస్ లోన్ పెట్టి కొన్నారు. ఒక డ్రైవర్ జీతం మీద అది కుదిరింది. ఇవాళ ఒక డ్రైవర్ జీతం మీద నిజాంపేటలో ఒక గజం కొనాలంటే రెండు మూడు నెలల జీతం మొత్తం పెట్టాలి. మా తరానికి జీతం మీద ఇల్లు రావడం లేదు, అమ్మానాన్నల ఇంటి మీదే వస్తోంది. మా ఆఫీసులో ఒకే టీములో, ఒకే హోదాలో ఉన్న ఇద్దరిలో ఒకడు సొంత ఫ్లాట్‌లో ఉంటే కారణం నాన్న ఇచ్చిన డౌన్‌పేమెంట్. ఇంకొకడు పొదుపు చేయలేక కాదు, ఇచ్చేవాళ్లు లేక అద్దెలో ఉన్నాడు. కానీ లంచ్ దగ్గర మాటలు మాత్రం "వాడు ప్లాన్డ్‌గా ఉంటాడు, వీడు ఖర్చు మనిషి" అని సాగుతాయి.

మీ అబ్బాయి అడిగేది ఆశ వల్ల కాదు, భయం వల్ల. 26 వేల అద్దె కడుతూ, ఏటా ఓనర్ పెంచుతూ, పిల్లల స్కూలు మార్చాల్సి వస్తుందేమో అనే భయం అది. వాడికి వాటా ఇప్పుడు ఎంతో కొంత అందితేనే ఉపయోగం. 55 ఏళ్లు వచ్చాక వచ్చే వాటా మీద బ్యాంకు లోన్ ఇవ్వదు.

అయితే చెల్లి వాటా కూడా తన ఫ్లాట్‌లో కలుపుకోవడం మాత్రం తప్పు. ఆమెకూ అదే భయం ఉంటుంది. కరీంనగర్‌లో ప్రైవేటు టీచర్ జీతం మీద ఇల్లు వస్తుందా?

---

ఏనుమాముల_లెక్చరర్:

సార్, మీరు మీ స్నేహితుడి గురించి రాసిన భాగం దగ్గర నేను ఆగిపోయాను. పైన రాసిన అందరూ ఆయన్ని దాటి వెళ్లిపోయారు.

మా నాన్న వరంగల్ ఏనుమాముల మార్కెట్లో హమాలీ. మిర్చి బస్తాలు మోశాడు. నేను ఎకనామిక్స్ చదివి ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేస్తున్నాను. మా ఇంట్లో పంచుకోవడానికి గజం లేదు, కాబట్టి అన్నదమ్ముల మధ్య తగాదా కూడా లేదు. దీన్ని ఎవరి మీదా నింద వేయడానికి చెప్పడం లేదు. వాటా ఎవరికెంత అని తెలుగు ఇళ్లలో జరిగే చర్చ అంతా వాటా ఉన్నవాళ్ల మధ్య చర్చ. అసలు వాటా లేనివాళ్లు ఈ నగరంలో ఎక్కడ ఉండాలన్నది ఎవరి ఇంట్లోనూ చర్చకు రాదు.

450 రూపాయలు 80 వేలు కావడానికి మీరేం చేయలేదని మీరే అన్నారు. ఎకనామిక్స్ క్లాసులో నేను పిల్లలకు చెప్పేది ఇదే. రోడ్డు, నీళ్లు, మెట్రో అందరి డబ్బుతో వస్తాయి. వాటి విలువ మాత్రం అక్కడ భూమి ఉన్నవాడికి చేరుతుంది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఒక ఎకరం 100 కోట్లు దాటింది. 4840 గజాలతో భాగించి చూడండి, గజం రెండు లక్షల పైమాటే. ఆ పక్కనే ఆ టవర్లు కట్టే మేస్త్రీలు రేకుల షెడ్లలో ఉంటారు.

మన దేశంలో ఒకప్పుడు ఎస్టేట్ డ్యూటీ, అంటే మనిషి పోయాక అతని ఆస్తి మీద వేసే పన్ను ఉండేది. 1953లో పెట్టారు, 1985లో తీసేశారు. పెద్ద పెద్ద ఆస్తుల మీద పై అంచెలో 85 శాతం దాకా ఉండేది. వసూలయ్యేది తక్కువ, తగాదాలు ఎక్కువ అని ఎత్తేశారు. 2024 ఎన్నికలప్పుడు వారసత్వ పన్ను అనే మాట మళ్లీ వినపడగానే ఎంత భయపడ్డారో చూశాం. మంగళసూత్రాలు కూడా పోతాయన్నారు. నా విద్యార్థుల్లో ఏ ఆస్తీ లేని పిల్లలు కూడా దానికి భయపడ్డారు. రేపు మనకూ ఒక ప్లాటు ఉంటుందన్న ఆశ అంత బలంగా ఉంటుంది. ఆ ఆశను నేను తక్కువ చేయను, నాకూ ఉంది. కానీ మీలాంటి 167 గజాల మనిషి, కోకాపేటలో ఎకరాలు ఉన్నవాళ్లు ఒకే వరసలో నిలబడి ఒకే పన్నుకు భయపడటం నాకు సరిగా అనిపించదు.

మర్యాద సంగతి. నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసే రోజుల్లో టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. "మీరేవాళ్లు?" చెప్పాక "ఇందాకే ఎవరో అడ్వాన్స్ ఇచ్చారండీ" అనేవాళ్లు. బోర్డు మాత్రం మరుసటి వారం కూడా అలాగే వేలాడేది. డబ్బు చేతిలో ఉన్నా దొరకని ఇల్లు ఉంటుందని అప్పుడు తెలిసింది. మా వాళ్లలో సొంత ఇల్లు కోసం అంత తపన ఎందుకంటే, ఆ ప్రశ్న ఇక ఎవరూ అడగకూడదని.

మీరు కూతురికి సమానంగా ఇవ్వండి. ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. దాంతో పాటు ఒక విన్నపం. మీ పిల్లలిద్దరికీ ఆ ఇంటి కథ చెప్పేటప్పుడు మీ స్నేహితుడి కథ కూడా చెప్పండి. ఇల్లు లేని మనిషిని తెలివి తక్కువవాడుగా చూడకుండా వాళ్లు పెరిగారని మీ రాత చూస్తే అనిపిస్తోంది, వాళ్ల పిల్లలకు కూడా అది తెలియాలి.

---

నిజాంపేట_218:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మా ఆవిడకు అన్నీ చదివి వినిపించాను. కరీంనగర్ సిస్టరమ్మ రాసింది రెండుసార్లు చదివించుకుంది.

అమ్మా, నువ్వు చెప్పినట్టే కరీంనగర్ వెళ్లాను. అల్లుడు స్కూల్లో ఉన్నప్పుడే. అమ్మాయి మొదట "నాకేం వద్దు" అనే అంది. నేను కాసేపు ఊరుకున్నాను. తర్వాత తనే అడిగింది, "మా పాప ఇంటర్ అయ్యేసరికి, అంటే ఇంకో ఐదారేళ్లలో, కాలేజీ ఫీజుకు డబ్బు కావాలి. అప్పటికి ఏమన్నా వస్తుందని అనుకోవచ్చా? రాకపోతే ఇప్పుడే చెప్పండి, ఇప్పట్నుంచి చిట్టీ వేస్తాం." అంత స్పష్టంగా అడిగింది. వస్తుందని చెప్పాను.

మా వాడితో ఆదివారం కూర్చున్నాను. కోపం వచ్చింది, ఇంకా పూర్తిగా తగ్గలేదు. "చెల్లికి ఇవ్వొద్దని నేనెప్పుడన్నాను" అన్నాడు. నిజమే, అనలేదు. కానీ వాడు వేసుకున్న లెక్కలో చెల్లి పేరు ఎక్కడా లేదు. మణికొండ తమ్ముడూ, నువ్వు రాసిన పాతిక లక్షల లెక్క నాకు తెలియదు, వాడు ఎప్పుడూ అలా విడమరచి చెప్పలేదు. అది చదివాక వాడి కంగారు నాకు అర్థమైంది. నా రిటైర్‌మెంట్ డబ్బులో 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది ఇప్పుడే డౌన్‌పేమెంట్ కింద ఇస్తానన్నాను. తెల్లాపూర్‌లో కోటీ 60 లక్షలది వదిలేసి బీరంగూడ, అమీన్‌పూర్ వైపు చిన్నది చూడమన్నాను. ఆలోచిస్తానన్నాడు. కోడలు మాత్రం అప్పుడే రెండు ఫోన్ నంబర్లు రాసుకుంది.

ఇల్లు అమ్మడం లేదు. బిల్డర్‌కు కూడా వద్దని చెప్పేశాను, పక్కాయనకు కొంచెం కష్టంగా ఉంది.

లెక్చరర్ గారూ, మా పై పోర్షన్‌లో ఉన్నవాళ్లు ఏవాళ్లో నేను అడగలేదు. ఆధార్ కాపీ, ఒక నెల అడ్వాన్స్, అంతే. బస్సు ఎక్కేవాళ్లను ఎప్పుడూ అడగలేదు, ఇల్లు ఎక్కేవాళ్లను ఎందుకు అడగాలి? మీరు చెప్పిన స్నేహితుడికి మీ రాత ఫోన్లో చదివి వినిపించాను. ఆయన మీ నాన్నగారి గురించి అడిగాడు, ఇప్పుడు ఎలా ఉన్నారు, పని మానేశారా అని. వీలైతే చెప్పండి.

లేఖరి తమ్ముడూ, నేను అనుకున్నది ఇది. నేను ముందు పోతే మా ఆవిడ ఉన్నంత కాలం ఆ ఇంట్లో ఉండి అద్దె తీసుకునే హక్కు ఆమెది. ఆమె తర్వాత ఇల్లు ఇద్దరికీ చెరి సగం. ఎప్పుడు అమ్మినా ముందు అబ్బాయి పెట్టిన 9 లక్షలు, దానికి బ్యాంకు వడ్డీ కలిపి తీసి వాడికి ఇచ్చాక మిగిలింది పంచుకోవాలి. ఇప్పుడిచ్చే 5 లక్షలు వాడి వాటాలో తగ్గించాలి. మనవరాలి ఫీజు సంగతి వేరే, అద్దెలోంచి నెలకు కొంత ఇప్పట్నుంచే బ్యాంకులో ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కడతాను. ఇవన్నీ ఒకే వీలునామాలో రాయొచ్చా? మా ఆవిడ కూడా సంతకం పెట్టాలా?

---

కూకట్‌పల్లి_లేఖరి:

రాయొచ్చు అన్నగారూ. ప్లాటు మీ ఒక్కరి పేరు మీదే ఉంటే వీలునామా మీరొక్కరే రాస్తారు, వదినగారి సంతకం అక్కర్లేదు. ఆమెకు జీవితాంతం అనుభవ హక్కు, అద్దె తీసుకునే హక్కు, అమ్మే హక్కు మాత్రం లేకుండా, అని స్పష్టంగా రాద్దాం. ఆ తర్వాత పిల్లలిద్దరికీ సమాన హక్కు. 9 లక్షలు ఏ సంవత్సరం, ఏ ఖాతా నుంచి వచ్చాయో, వడ్డీ ఎంత శాతమో అంకె వేసి రాయాలి. "బ్యాంకు వడ్డీ" అని వదిలేస్తే రేపు ఏ బ్యాంకు, ఏ రేటు అని పేచీ వస్తుంది. 5 లక్షలు చెక్కు ద్వారానే ఇవ్వండి, ఆ నంబరు కూడా వేద్దాం.

సాక్షులుగా మీకంటే వయసులో చిన్నవాళ్లు, బంధుత్వం లేనివాళ్లు ఇద్దరిని చూసుకోండి. రాసేముందు ముసాయిదా లాయరుకు చూపిద్దాం. ఒరిజినల్ దస్తావేజు, లింకు డాక్యుమెంటు (మీకు ముందు ఓనర్ల దస్తావేజు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, అప్పులు చూపే సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు, మీ ఇద్దరి ఆధార్, డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చుకోండి. 2016లో కట్టిన పై అంతస్తుకు పర్మిషన్ కాపీ ఉంటే అదీ తీసుకురండి.